ఉతికి తెచ్చిన తొమ్మిదో నంబర్

పోయిన వారం మనం వ్యాన్‌లో ఉన్నాం. ఔరాద్‌లో సెమీఫైనల్ గెలిచి బీదర్ ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ తిరిగి వస్తోంది. దారిలో జనవాడ దగ్గర మౌనశ్రీ దిగింది. ఆమె ఇల్లు ఆ ఊళ్లోనే. పొద్దు పోతోందని బట్టలు మార్చుకోలేదు. తొమ్మిదో నంబర్ జెర్సీ, నిక్కర్ మీదే చుడీదార్ తొడుక్కుని దిగిపోయింది. "తర్వాత తెచ్చియ్యి" అంది కోచ్ అంబిక.

అదే రోజు మ్యాచ్ మధ్యలో మౌనశ్రీ అన్న ఓంకార్ ఇండికాలో వచ్చి అంబికను పక్కకు పిలిచిన సంగతి కూడా మీకు గుర్తుండాలి. అతను మాదాపూర్‌లో కాల్ సెంటర్‌కు కారు తిప్పుతాడు. తెలుగు, కన్నడ రెండూ వచ్చిన పిల్లలు కావాలని ఆ కంపెనీ వాళ్లు అడుగుతున్నారనీ, చెల్లెలి పేరు చెప్పాననీ, సోమవారం నుంచి ట్రైనింగ్ అనీ చెప్పి వెళ్లాడు. ఫైనల్ శనివారం, బీదర్‌లోనే. దాన్ని చూడ్డానికి సికింద్రాబాద్ నుంచి రైల్వే టీమ్ సెలెక్టర్ శ్రీహరి వస్తున్నాడు. అతను చూడాలనుకున్నది ఒక్క మౌనశ్రీనే. ఆట నచ్చితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం.

గురువారం పొద్దున మౌనశ్రీకి ఇంటర్నల్ పరీక్ష ఉంది. అందుకే ఆమె ప్రాక్టీసుకు రాలేదు. ఆమెకు బదులు ఆమె తల్లి వచ్చింది.

బాలమ్మ కాలేజీ గేటు దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. చెప్పులు కోర్టు అంచున విప్పి, సున్నం గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చింది. చేతిలో చీరల దుకాణం సంచి ఉంది. అంబిక అప్పుడు రిబ్కాకు రిబౌండ్ పట్టడం నేర్పిస్తోంది. బాలమ్మను చూసి విజిల్ నోట్లోంచి తీసింది.

"మేడం, నేను మౌన అమ్మను. జనవాడ."

"తెలుసక్కా. రా."

బాలమ్మ సంచిలోంచి జెర్సీ, నిక్కర్ తీసింది. రెండూ ఉతికి, ఇస్త్రీ చేసి, నంబర్ పైకి కనబడేటట్టు మడిచి ఉన్నాయి.

"ఇగో మేడం, పిల్ల బట్టలు. నేనే ఉతికిన. మీకు ఒక మాట చెప్పి పోదామని..."

అంబిక ఆ బట్టలను చూసింది. కోర్టులో బంతి చప్పుడు ఆగింది. కెప్టెన్ అర్చిత బంతిని చంకలో పెట్టుకుని నిలబడిపోయింది. మిగతా పిల్లలు కూడా ఆగిపోయారు. అది ఏమిటో వాళ్లందరికీ తెలుసు.

"ఏం చెప్పకక్కా" అంది అంబిక. "నాకు తెలుసు."

"అది గాదు మేడం, నేను..."

"వద్దక్కా. నువ్వు చెప్పద్దు. నేను అడగను." అంబిక బట్టలు అందుకుంది. ఇంకో చేత్తో బాలమ్మ చేయి పట్టుకుంది. "నువ్వు మంచిగనే చేసినవ్. పిల్లకు నేనేమో అనుకుంటనని పరేషాన్ గావద్దని చెప్పు."

బాలమ్మ ఇంకేదో అనబోయింది. చదువుకున్న మనిషి, ఇంతమంది పిల్లలకు పంతులమ్మ, తన చేయి పట్టుకుని తెలుసంటోంది. తెలిసే ఉంటుంది అనుకుంది. తలూపి, వచ్చిన దారినే గీత చుట్టూ తిరిగి వెళ్లి చెప్పులు తొడుక్కుంది.

ఉతికిన జెర్సీ అంటే ఆ టీమ్‌లో అర్థం ఏమిటో ఇక్కడ చెప్పాలి.

అంబిక ఆ కాలేజీలో పార్ట్ టైమ్‌గా చేరినప్పుడు కోర్టు మట్టిది. స్తంభాలు ఉన్నాయి, రింగులు లేవు. మొదటి ఏడాది ఆమె దగ్గర శరణమ్మ అనే పిల్ల ఆడేది. ఆ పిల్ల తన నిక్కర్ ఇంట్లో ఉతికి దండెం మీద ఆరేసింది. ఆ గల్లీలో ఇళ్లు ఎదురెదురుగా ఉంటాయి. సాయంత్రానికి నలుగురు మగవాళ్లు ఆ దండెం ముందు నిలబడి ఎవరిదని అడిగారు. శరణమ్మ అన్న ఇంటికి వచ్చి నిక్కర్‌ను పొయ్యిలో పెట్టాడు. శరణమ్మ ఆట అక్కడితో ఆగింది.

ఆ మర్నాటి నుంచి బట్టలన్నీ అంబికే ఉతకడం మొదలుపెట్టింది. ప్రాక్టీసు అయిపోగానే పిల్లలు బట్టలు మార్చుకుని జెర్సీలూ నిక్కర్లూ గోనెసంచిలో వేస్తారు. అంబిక ఆ సంచిని స్కూటీ ముందు పెట్టుకుని నౌబాద్‌లోని తన ఇంటికి తీసుకుపోతుంది. మిద్దె మీద ఆరేస్తుంది. అక్కడ అడిగేవాడు లేడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఆ దండెం చూసి, ఈ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారని కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు అడిగేవారు.

తర్వాత ఇంకో అలవాటు దానంతట అదే ఏర్పడింది. పెళ్లి కుదిరిన ఒక పిల్ల, ఇక రానని చెప్పలేక, తన జెర్సీని తానే ఉతికి, మడిచి తెచ్చి బెంచీ మీద పెట్టింది. అంబిక అందరి ముందూ ఎందుకని అడిగింది. ఆ పిల్ల చెప్పలేక ఏడ్చింది. ఆ తర్వాత దారిలో కనబడినా తల దించుకుని పోయేది. అప్పటి నుంచి అంబిక అడగడం మానేసింది. ఉతికిన జెర్సీ వస్తే తీసుకుంటుంది. ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లో ఏం జరిగిందో చెప్పే పని పిల్లకు ఉండదు. అది మర్యాద అని ఆమె అనుకునేది. పిల్లలూ అలాగే అనుకునేవారు.

ముందు రోజుల్లో జెర్సీలు పెళ్లిళ్లకు వెనక్కి వచ్చేవి. ఈ నాలుగైదేళ్లుగా పిల్లలు హైదరాబాద్ పోవడం వల్ల వెనక్కి వస్తున్నాయి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు, హైటెక్ సిటీలో ఫోన్ల కంపెనీ, బేగంపేటలో షాపింగ్ మాల్. పోయిన పిల్లలు పండక్కి సెల్‌ఫోన్లతో వచ్చి కాలేజీ ముందు నిలబడి, కోర్టులో చెమటోడుస్తున్న పిల్లలతో మాట్లాడిపోయేవారు. తర్వాతి వారం ఇంకో జెర్సీ ఉతికి వచ్చేది. కోచ్‌గా అంబిక జీవితం మొత్తం అదే. ఆడటం వచ్చిన పిల్లను చేతికి అందినట్టే అంది పోగొట్టుకోవడం, మళ్లీ బంతి పట్టడం దగ్గర మొదలుపెట్టడం.

మౌనశ్రీ మిగులుతుందని ఆమె అనుకుంది.

ఆ గురువారం రాత్రి అంబిక గోనెసంచి విప్పలేదు. తొమ్మిదో నంబర్ మొదట అంబికదే. అది ఆమె కాలేజీలో ఆడినప్పుడు వేసుకున్న నంబర్. మౌనశ్రీకి ఇచ్చేవరకు ఎవరికీ ఇవ్వలేదు. శుక్రవారం కోర్టుకు కొత్తగా సున్నం గీతలు వేయించారు కాబట్టి ప్రాక్టీసు లేదు. శనివారం మధ్యాహ్నం ఆ జెర్సీని రిబ్కా చేతికి ఇచ్చింది. స్కోర్ షీట్‌లో తొమ్మిది పక్కన రిబ్కా పేరు రాయించింది.

"మేడం, మౌన..." అంది రిబ్కా.

"ఏస్కో" అంది అంబిక.

సెలెక్టర్ శ్రీహరి స్కోర్ షీట్ చూసి తలెత్తాడు. "ఆ అమ్మాయి ఆడటం లేదా మేడం? నేను ఆమె కోసమే వచ్చాను."

"ఇంట్లో పరిస్థితి" అంది అంబిక. ఎప్పుడూ చెప్పే మాటే అది.

హాఫ్ టైమ్‌కు బీదర్ వెనకబడి ఉంది. రిబ్కాకు పాస్ ఎప్పుడు ఇవ్వాలో తెలియడం లేదు. అర్చిత ఒక్కతే మొత్తం కోర్టు పరిగెత్తుతోంది. అంబిక పిల్లలకు నీళ్లు అందిస్తూ ఉంటే ఎవరో వెనక నుంచి భుజం తట్టారు.

బాలమ్మ. కొత్త చీర కట్టుకుంది. మెడ చుట్టూ కొంగు కప్పుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఉంది.

"మేడం, కోపం చేయకండ్రి. ఆట నడుమల మాట్లాడద్దని అన్నరు ఆడ కూసున్నోళ్లు. గందుకే ఇప్పటిదాక ఆగిన." ఆమె కోర్టు వైపు చూసింది. "మా పిల్ల ఏది?"

అంబికకు మాట అర్థం కాలేదు. "ఏంది?"

"మా పిల్ల. తొమ్మిది నంబర్ అన్నది. తొమ్మిది నంబర్ వేసుకున్న పిల్లను చూస్త కూసున్న. అది మా పిల్ల గాదు. నాకు కండ్లు ఆనుతలేవనుకున్న. దగ్గరకొచ్చి చూసినా గాదు."

"అక్కా, నువ్వే గద బట్టలు తెచ్చిచ్చినవ్."

"అవును. ఉతికి తెచ్చిన."

"ఉతికి తెచ్చినవంటే..." అంబిక ఆగింది. ఆ అలవాటు టీమ్‌లో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది. అది ఎవరికీ చెప్పిన విషయం కాదు. చెప్పనవసరం లేకపోవడమే దాని ఉద్దేశం. "ఎందుకు ఉతికినవ్ అక్కా?"

"అదేం మాట మేడం? మురికి గాలేదా?" బాలమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "ఇన్నేండ్లు మీరే ఉతుకుతున్నరంట గద. నాకు ఎరుక లేదు. ఆ దినం బట్టలు ఇంటికి వచ్చినయి గద, అప్పుడు చెప్పింది పిల్ల. నాకు ఇజ్జత్ పోయినట్టయింది. నా బిడ్డ బట్టలు నేనుతకాలె గని పంతులమ్మ ఉతుకుడేంది? నేను ఆట వద్దన్నదాన్ని. ఎన్నిసార్లు కొట్టిననో మీకు తెల్వది. ఇగ కొట్టనని, ఆడమని పిల్లకు చెప్పుడు నాకు రాదు. గందుకే ఉతికిన. దండెం మీద బజారు దిక్కు ఆరేసిన. చూసేటోళ్లు చూడనీ అన్న. పాపయ్య అడిగిండు, మా ఆయన, ఈ నిక్కర్ ఎవలదని. నీ బిడ్డదే, రైల్వేల నౌకరీ తెస్తదన్న."

అంబిక చేతిలో నీళ్ల సీసా ఉంది. దాన్ని బెంచీ మీద పెట్టబోయింది. అది దొర్లి కింద పడింది.

"గదే మీకు చెప్పనీకి వచ్చిన" అంది బాలమ్మ. "మీరు తెలుసన్నరు. చేయి పట్టుకున్నరు. పిల్లకు కూడ అదే చెప్పిన. మేడంకు అన్నీ తెలుసు, నేను చెప్పకముందే తెలుసుకున్నదన్న."

"మౌన ఏమన్నది?"

"ఏమనలే. పండినాక దుప్పటి కిందికెల్లి నా చేయి పట్టుకున్నది. ఇయ్యాల పొద్దున్నే బూట్లు తీస్కొని వచ్చింది. నాకంటే ముందే వచ్చింది గద మేడం. ఏది?"

అంబిక పిల్లల వైపు తిరిగింది. అర్చిత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె అంతా విన్నది.

"వచ్చింది మేడం" అంది అర్చిత. "మ్యాచ్ కంటే ముందు. గేటు కాడ నిలబడ్డది. బూట్లు మెడల వేసుకొని ఉన్నది. రిబ్కాను చూసింది. రిబ్కా ఈపు మీద నంబర్ చూసింది. ఎల్లిపోయింది."

"నువ్వు పిలువలేదా?"

"లేదు మేడం." అర్చిత తల దించుకోలేదు. "మనం అడగం గద."

రిబ్కా జెర్సీ మెడ దగ్గర పట్టుకుని విప్పబోయింది. అర్చిత ఆమె చేయి పట్టి ఆపింది. "విప్పితే ఏం ఫాయిదా? షీట్‌ల పేరు లేదు."

అది నిజం. స్కోర్ షీట్‌లో పేరు లేని మనిషి ఆ మ్యాచ్‌లో దిగడానికి వీల్లేదు. ఆ రూల్ ఆ పిల్లలకు నేర్పింది అంబికే.

ఆమె శ్రీహరి దగ్గరకు వెళ్లింది. జరిగింది చెప్పింది. తన తప్పు ఎక్కడుందో అది కూడా చెప్పింది. శ్రీహరి విన్నాడు.

"నేను రేపు పొద్దున బండికి పోవాలి మేడం. దానికి ముందు ఒక గంట ఇక్కడికి రాగలను. ఆమె ఉంటే చూస్తాను. లేకపోతే నా దగ్గర వేరే పేర్లు ఉన్నాయి. అవి రాసుకుంటాను. ఏమీ అనుకోకండి."

"ఉంటది సార్" అంది అంబిక. ఆ మాట అనడానికి ఆమె దగ్గర ఆధారం ఏమీ లేదు.

బాలమ్మ టిఫిన్ డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమెకు కొంత అర్థమైంది, కొంత కాలేదు.

"మేడం, నేను ఉతుకకుంటె ఇట్ల గాకపోవు గదా?"

"నీదేం లేదక్కా."

"మీరు ఉతికినప్పుడు ఏం గాలే. నేనుతికితె అయింది." బాలమ్మ మెట్ల మీద కూర్చుంది. "నా చేతుల్నే ఉన్నది ఏదో."

అంబిక ఆమె పక్కన ఒక్క క్షణం కూర్చుంది. ఏం చెప్పినా ఆ మాట ఆమె మనసులోంచి పోదని తెలిసి లేచింది. "నువ్వు ఈడనే ఉండక్కా. పిల్ల వస్తే ముందు నువ్వు కనబడాలె." తర్వాత అర్చితకు చెప్పింది. "టైమ్ అవుట్లు నువ్వే అడుగు. బెంచీ నీది."

"మీరు మేడం?"

"నేను అడిగొస్త."

మూడో క్వార్టర్ విజిల్ ఆమె గేటు దాటుతుండగా వినిపించింది. కోర్టులో తన టీమ్ ఆడుతుండగా అంబిక వెనక్కి తిరిగి నడవడం ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు. జ్వరం వచ్చినప్పుడు చూడలేదు. తల్లి పోయిన కబురు వచ్చినప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా మ్యాచ్ అయ్యాకే వెళ్లింది.

మౌనశ్రీ అన్న దగ్గరికే బయలుదేరి ఉంటుందని బస్టాండుకు ఆటోలో వెళ్లింది; జేబులో ఉన్న ఒక్క నోటూ ఆటోకే అయిపోయింది. ఓంకార్ నంబర్‌కు ఫోన్ చేస్తే అతను ఎత్తాడు. వెనక హారన్లు వినిపిస్తున్నాయి.

"మౌన బస్సెక్కుతున్నదని పీసీఓ కెల్లి ఫోన్ చేసింది మేడం. మీరు మంచి పని చేసిండ్రు. ఆటలు ఎన్నొద్దులు ఆడుతరు?"

అంబిక ఫోన్ పెట్టేసింది.

హైదరాబాద్ బస్సు ఇంజన్ నడుస్తూ కదలడానికి సిద్ధంగా ఉంది. మౌనశ్రీ కిటికీ పక్కన కూర్చుని ఉంది. బూట్లు ఇంకా మెడలోనే ఉన్నాయి. ఒళ్లో పుస్తకాల సంచి తప్ప ఏమీ లేదు. అంబిక బయటి నుంచి కిటికీ కమ్మీ పట్టుకుంది.

"మౌనా, దిగు."

మౌనశ్రీ చూసింది. ఏడ్చిన ముఖం కాదు. ఏడవడం అయిపోయిన ముఖం.

"మ్యాచ్ నడుస్తున్నది గద మేడం. మీరు ఈడున్నరేంది?"

"దిగు, చెప్త."

"ఏం చెప్పద్దు మేడం. నేను అడగను." అంబిక మాటనే ఆ పిల్ల తిరిగి ఇచ్చింది. గొంతు పెంచలేదు. "మా అమ్మ వచ్చి పేరు తీయించిందని ఇయ్యాల ఎరుకైంది. ఉతికి ఇచ్చొచ్చిన, మేడంకు అన్నీ తెలుసు అన్నది. నేను పిచ్చిదాన్ని, ఖుషీ అయిన. అమ్మ నా ఆట ఒప్పుకున్నదనుకున్న. ఎన్నడూ ఒప్పుకోలే మేడం ఆమె. చేయి పట్టుకోనిచ్చింది, పొద్దుగాల తల దువ్వింది, ఎనకకెల్లి ఇట్ల చేసింది. ఇగ ఆమె మొకం చూడ."

"మీ అమ్మ అట్ల చేయలే."

"మరి మీరు చేసిండ్రా?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. బస్సు కదిలింది. అంబిక కమ్మీ వదల్లేదు. పక్కన నడిచింది, తర్వాత పరిగెత్తింది. తలుపు దగ్గర కండక్టర్ కన్నడలో తిడుతూ చేయి అందించి ఆమెను పైకి లాగాడు.

ఆమె వచ్చి మౌనశ్రీ పక్కన కూర్చుంది. మెడలో విజిల్ ఉంది. చేతి సంచి కోర్టు బెంచీ మీదే ఉండిపోయింది. ముందు సీటు పట్టుకుని ఊపిరి తీసుకుంది. బస్సు పాత కోట గోడ పక్కగా పోతోంది.

కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగాడు. "ఎల్లిగె?"

అంబిక జేబులో చేయి పెట్టింది. జేబులో సెల్‌ఫోన్, సుద్దముక్క ఉన్నాయి. ఇంకేం లేదు.

మౌనశ్రీ కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. "ఒకటి హైదరాబాద్. ఒకటి షాపూర్ గేట్."

షాపూర్ గేట్ ఊరి అంచున ఉంటుంది. అక్కడ దిగితే ఆటోలో వెనక్కి రావచ్చు. మ్యాచ్ చివరి నిమిషాలు అందుతాయి. ఆ పిల్ల ఆట మానేశాక కూడా కోచ్‌ను మ్యాచ్‌కు పంపే లెక్కలో ఉంది.

కండక్టర్ రెండు టికెట్లు చింపి మౌనశ్రీ చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి అంబిక ఒళ్లో ఉంచింది.

మెట్ల మీద కొత్త చీరలో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి గురించి చెప్పాలని అంబిక వచ్చింది. బజారు వైపు ఆరేసిన నిక్కర్ గురించి చెప్పాలి. రేపు పొద్దున శ్రీహరి వచ్చే గంట గురించి చెప్పాలి. అన్నీ నోటి దాకా వచ్చాయి. వాటికంటే ముందు అడగవలసింది ఒకటుందని ఆమెకు అనిపించింది. గురువారం బాలమ్మను అడిగి ఉంటే ఈ బస్సు ఎక్కే పని ఉండేది కాదు. శరణమ్మ నుంచి ఇప్పటిదాకా పోయిన పిల్లల్లో ఇంకెంతమందిని అడిగి ఉండవలసిందో.

"ఎందుకు పోతున్నవ్ మౌనా?"

మౌనశ్రీ కిటికీ వైపు నుంచి తల తిప్పింది. ఆ ప్రశ్న ఆ నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు. మెడలోని బూట్ల లేసును వేలికి చుట్టుకుంది.

"అమ్మ మీదనే కోపం గాదు మేడం. ఇంకొకటున్నది. చెప్తె మీరు నన్ను ఇంకెన్నడు కోర్టుల దిగనియ్యరు."

బస్సు వేగం తగ్గింది. "గేట్, గేట్" అని అరిచి కండక్టర్ తలుపు తీశాడు. అంబిక ఒళ్లో టికెట్ ఉంది. వెనక సీటులోని ముసలాయన దిగి పోయాడు. కండక్టర్ ఆమె వైపు చూసి మళ్లీ అరిచాడు.

అంబిక లేవలేదు.